రోటి పక్కన గేరుబాక్సు

మినప్పప్పుకి పొట్టు వదిలిస్తున్నాను. ఇంకొక్కసారి నీళ్ళు మారిస్తే పప్పు తేటపడుతుందనగా కారు కింద నుంచి చిన్నాన్న కేకేశాడు.

"హైమా! ఇడ్లీ రేకులు ఖాళీయేనా?"

"ఖాళీయే చిన్నాన్నా. పప్పు ఇంకా రుబ్బలేదు."

"పప్పు సంగతి ఎవడడిగాడే గుంటా! రేకులు ఒట్టుకురా బేగి."

తీసుకెళ్ళాను. కారు కింద నుంచి నల్లటి చెయ్యి ఒకటి బయటికి వచ్చి, ఇడ్లీ గుంటల్లో ఒక్కో బోల్టునీ పేర్చింది. పై రేకులో ఇంజను వైపువి, దాని కిందిదాంట్లో షాఫ్టు వైపువి. ఏది ఎక్కడిదో మరిచిపోకుండా అదొక పద్ధతి. రేకులు నిండాక పోపుల డబ్బా అడిగాడు. పోపుల డబ్బా కూడా నిండాక నేను అడగకుండానే మూకుడు తెచ్చి పెట్టాను. ఆ రాత్రి ఇడ్లీ వెయ్యడానికి రేకులు లేక, ఆ పిండితో అట్లు పోశాను.

కారు మా తాతయ్యది. లేతాకుపచ్చ ఫియట్. గేరు కడ్డీ స్టీరింగు పక్కనే ఉంటుంది. కొంతకాలంగా రెండో గేరు పడదు, పడినా నిలవదు. మా సాలూరులో వీధికో లారీ షెడ్డు ఉంది, పిలిస్తే ఎవరైనా వచ్చి చూసి పెడతారు. చిన్నాన్న పిలవడు. "లారీలు విప్పిన చేతులు మా నాన్న కారు ముట్టుకోడానికి ఈల్లేదు," అంటాడు. ఆయన పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. లోపల ఉన్నదాన్ని బయటికి తియ్యడం తనకి తెలిసినంతగా ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం.

నేను టార్చిలైటు పట్టుకున్నాను. ఇంజను కిందికి జారకుండా జాకీ పెట్టి, జాకీ మీద మామ్మ రోకలి అడ్డం పెట్టాడు. ఆయిలు తీశాడు. షాఫ్టు ఊడదీశాడు. ఆఖరి బోల్టు వచ్చాక గేరుబాక్సుని రెండు చేతులతో పట్టుకుని, గొంతు తగ్గించి మాట్లాడడం మొదలుపెట్టాడు.

"అడ్డం తిరిగింది... కంగారు పడకూడదు... ఆ, తల వచ్చింది. ముక్కమ్మా, ఇంకొంచెం ముక్కు. లాక్కూడదు హైమా, దానంతటదే రావాల."

దానంతటదే వచ్చింది. సరాసరి ఆయన ఛాతీ మీదికి వచ్చింది.

"చిన్నాన్నా?"

"తల్లీ బిడ్డా క్షేమం," అన్నాడు కింద నుంచి. "తండ్రిని లేపండి."

గోనెసంచిలో వేసి చెరో కొసా పట్టుకున్నాం. కారు షెడ్డులో మట్టి నేల, పైగా వాన. అందుకని అరుగెక్కించి, హాలు దాటించి, వంటింట్లో రోటి పక్కన పీట మీద దింపాం. పిన్ని ఉంటే అది గుమ్మం దాటేది కాదు. పిన్ని దసరాకి పుట్టింటికి వెళ్ళింది. బస్సులో వెళుతూ నిమ్మకాయ పట్టుకెళ్ళింది, దాని వాసన చూస్తే కడుపులో తిప్పదని. అది చూసి మామ్మ మూతి తిప్పింది. "నిమ్మకాయ ముక్కు కాడ ఎట్టుకుని బస్సెక్కీ కన్నా ఇంట్లో కూకోడం నయం." మామ్మకి బస్సు పొగ గిట్టదు. తాతయ్య ఉన్నప్పుడూ, పోయాకా, ఎక్కడికి వెళ్ళినా ఆ ఫియట్టులో ముందు సీటే.

ఇప్పుడా మామ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, పీట మీది గేరుబాక్సునీ దాని పక్కన కొడుకునీ చూసింది.

"బిడ్డ సంగతి తరవాత. మంగళారానికి బండి కదులుద్దా లేదా?"

దసరా తరవాత వచ్చే మంగళవారం విజయనగరంలో సిరిమాను పండగ. పొడవాటి మాను చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగిస్తారు. ఆ దారిలోనే మామ్మ అక్కగారి ఇల్లు. ఏటా ఆ రోజున ఇద్దరూ ఆ ఇంటి అరుగు మీద పక్కపక్కన కూర్చుని చూస్తారు. ఈసారి పెద్దమామ్మ మామ్మకి ఫోను చేసి చెప్పింది, అవతల గట్టిగా మాట్లాడడం వల్ల నాకూ వినిపించింది: "కళ్ళు మసకలు కమ్మీసినాయే సింహాచలం. నువ్వు పక్కన కూకుని ఇదిగో వస్తంది, అదిగో పోతంది అని సెప్తే ఈ ఏటికి ఎలాగో సూస్తాను. వచ్చే ఏడు నువ్వు సెప్పినా నాకు కనపడదు."

"కదులుద్దమ్మా!" అన్నాడు చిన్నాన్న గేరుబాక్సు మీద చెయ్యి వేసి. "ఈ బిడ్డ మీద ఒట్టు."

ఆశ్చర్యమేమిటంటే మర్నాడు పొద్దున్నే జబ్బు దొరికింది. లోపల చిన్న స్ప్రింగు ఒకటి విరిగింది. ఎదురింటి లారీ షెడ్డులో అలాంటిదే ఇచ్చారు. దాన్ని వేసి మూత బిగించి, ఇక ఎత్తి కారుకి తగిలించడమే అనుకుంటుండగా మామ్మ అడ్డుపడింది. ఆ రోజు దసరా. మా ఇంట్లో ఆయుధపూజ రోటి దగ్గరే. కత్తిపీట, గునపం, పార, కుట్టుమిషను, పశువులకి పొడిచే చిన్నాన్న పెద్ద సిరంజి, అన్నీ అక్కడ చేరాయి. వాటి మధ్య పీటెక్కి గేరుబాక్సు కూర్చుంది. మామ్మ దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, దారంతో నిమ్మకాయ కట్టింది. పూజ చేసిన ఇనుముని ఆ రోజు కదపకూడదు. మామ్మ అత్తగారి కాలం నుంచీ ఉన్న ఆచారం అది.

"రేపు పొద్దున్న తగిలించు. ఈ రోజుకి దాన్నీ పడుకోనీ," అంది.

రేపు పొద్దున్న జీపు వచ్చింది.

అందులోంచి దిగిన ఆయన పేరు వామనమూర్తిగారు. పురాతన వాహన వారసత్వ పరిరక్షణ మండలిలో సంరక్షణాధికారి. ఆయన వెనక టేపు పట్టుకుని దాలినాయుడు దిగాడు. రిటైరు కావడానికి దగ్గరగా ఉన్న అటెండరు. పాత కార్లకి ఇత్తడి ఫలకం ఇస్తారని ఎండాకాలంలో పేపర్లో చూసి చిన్నాన్న దరఖాస్తు పెట్టాడు. పెట్టి మరిచిపోయాడు. మండలి మరిచిపోలేదు. ఇప్పుడు వారసత్వ వారోత్సవాలట. జిల్లాకొక వాహనాన్ని జాతికి అంకితం చెయ్యాలట. జాబితాలో ఉన్న మిగతా కార్లన్నీ ఈలోపు పాత ఇనుముకి వెళ్ళిపోయాయట.

వామనమూర్తిగారు కారు చుట్టూ తిరిగి, వంగి కిందికి చూసి, లేచి నిలబడ్డారు.

"వేగ పరివర్తన పేటిక కానరావడం లేదు."

చిన్నాన్న దాలినాయుడి వైపు చూశాడు.

"గేరుబాక్సండి," అన్నాడు దాలినాయుడు.

"లోపలుంది బాబూ," అంది మామ్మ. "రోటి పక్కన."

అందరూ వంటింట్లోకి వెళ్ళారు. పీట, పసుపు, బొట్లు, నిమ్మకాయ. వామనమూర్తిగారు చెప్పులు విడిచారు.

"ఈ వస్తుజాలమును ఇచ్చట ఉంచు సంప్రదాయం ఎప్పటిది?"

"ఇనపసామాను ఇక్కడ ఎట్టి పూజ సెయ్యడం మా అత్త కాలం నుంచీ ఉంది బాబూ."

"మూడు తరాలు," అన్నారాయన. దాలినాయుడు రాసుకున్నాడు.

"అయ్యా," అన్నాడు చిన్నాన్న, "అది కాదండి. మొన్న నేనే..."

"మొన్న మీరే?" వామనమూర్తిగారు తిరిగారు. "దరఖాస్తు స్వీకరించిన దినము నుండి సదరు వాహనమునకు గల ఏ భాగమునైనను విప్పుట, ఊడదీయుట, స్థానభ్రంశము కావించుట శిక్షార్హము. మొన్న మీరేమి చేసినారు?"

చిన్నాన్న గేరుబాక్సుని చూశాడు. తన గోళ్ళలో ఉన్న గ్రీజు చూసుకున్నాడు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"మొన్న నేనే తుడిచానండి. మా నాయనమ్మ కాలం నుంచీ ఇక్కడే ఉందండి."

మామ్మ కొడుకుని చూసింది.

"మరి గేరుబాక్సు వంటింట్లో ఉంటే బండి ఎలాగ నడిసిందండి ఇన్నేళ్ళూ?" అని దాలినాయుడు అడిగాడు. నాకూ అదే అనిపించింది.

"అదే కదా దీని విశిష్టత!" వామనమూర్తిగారు గేరుబాక్సుకి రెండు చేతులూ జోడించారు. "పేటిక పాకశాలయందుండగా అర్ధ శతాబ్దము పాటు సంచరించిన వాహనము దేశమున మరొకటి లేదు. దాలినాయుడూ, కొలతలు!"

ఎక్కడి నుంచి ఎక్కడికి కొలవాలో ఆయన చదివి వినిపించారు. మండలి నిబంధన ప్రకారం వాహనం అంటే దాని మొట్టమొదటి భాగం మొదలు చిట్టచివరి భాగం వరకు గల సమస్తమూను. దాలినాయుడు టేపు కొస ముందు బంపరుకి తగిలించి, షెడ్డు దాటి, అరుగెక్కి, హాల్లోంచి వంటింట్లోకి వచ్చాడు. టేపు వెళ్ళడానికి నేను పప్పు గిన్నె పక్కకి జరిపాను.

"శానా పొడుగుందండి బండి," అన్నాడు దాలినాయుడు.

తరవాత ఒక్కో భాగానికీ దారంతో అట్టముక్క కట్టి నంబరు వేశారు. గేరుబాక్సుకి, షాఫ్టుకి, పోపుల డబ్బాలోని బోల్టులకి, ఇడ్లీ రేకులకి. ఆఖరున నిమ్మకాయకి కట్టబోతుంటే చిన్నాన్న ఉండబట్టలేక అన్నాడు.

"అది నిమ్మకాయండి."

"పేటికకు కట్టబడి యున్నదా లేదా?"

"కట్టే ఉందండి."

"కట్టబడినది భాగమే."

నిమ్మకాయకి నంబరు పడింది. పచ్చ రిబ్బను చుట్టి, లక్క వేసి, ఎవరూ కదపకూడదని చెప్పి వెళ్ళారు. ఇత్తడి ఫలకం ఎంత వెడల్పు ఉంటుందో చిన్నాన్న జీపు దాకా వెంట నడిచి అడిగాడు.

ఆ మర్నాడు ఉత్తర్వు వచ్చింది. బంపరుకీ గేరుబాక్సుకీ మధ్య ఉన్నదంతా వాహనం లోపలి భాగం. అంటే మేం కారులో కాపురం ఉంటున్నాం. ఇన్నాళ్ళూ ఆ సంగతి మాకు తెలియదంతే.

దాలినాయుడు వీధి గుమ్మానికి ఒక నంబరు పలక, పెరటి గుమ్మానికి ఒక నంబరు పలక కొట్టాడు. పొడవు హద్దు మించింది కాబట్టి పెరటి తలుపుకి ఎర్రగుడ్డ కట్టాడు. అరుగు స్తంభాలకి చీకట్లో మెరిసే కాగితాలు అంటించాడు. హాల్లో ఉయ్యాల బల్లకి బెల్టు బిగించాడు.

"ఇదెందుకు నాయినా?" అంది మామ్మ.

"ముందు సీటండి. ఊగినప్పుడు పెట్టుకోవాలండి," అన్నాడు దాలినాయుడు. నవ్వలేదు. నవ్వకుండా ఉండడం కోసం చాలా సేపు మేకు కేసి చూస్తూ ఉండిపోయాడు.

వామనమూర్తిగారు పొయ్యి దగ్గర ఆగారు. మామ్మ పీటేసుకుని వంకాయ తరుగుతోంది. కుడివైపు పొయ్యి, ఎడమవైపు రోలు, దాని పక్కన గేరుబాక్సు.

"అమ్మా, మీ ఎడమ చేయి చాపండి."

మామ్మ చాపింది. వేళ్ళు గేరుబాక్సుకి తగిలాయి.

"పేటిక చేతికందు దూరమున ఆసీనులైన వారే చోదకులు. మీకు లైసెన్సు ఉన్నదా?"

"దేనికి బాబూ?"

"ఈ ఆసనమున కూర్చొనుటకు."

"నా పెళ్ళినాటి నుంచీ ఇక్కడే కూకున్నాను."

"ఇంతకాలము లైసెన్సు లేకనే నడిపినారన్నమాట," అన్నారాయన, కోపంగా కాదు, బాధగా.

వయసు చూసి జరిమానా వెయ్యకుండా వదిలారు. మామ్మని నేర్చుకునేవాళ్ళ కింద నమోదు చేసి, వంటింటి కిటికీకి ఎల్ బోర్డు తగిలించారు. నేర్చుకునేవాళ్ళు నడుపుతున్నంతసేపూ లైసెన్సున్న మనిషి పక్కన కూర్చోవాలి. పొయ్యి వెలిగితే బండి నడుస్తున్నట్టేనట. లైసెన్సు చిన్నాన్నకే ఉంది. అందుకని మామ్మ పొయ్యి వెలిగించినప్పుడల్లా చిన్నాన్న ముక్కాలిపీట వేసుకుని పక్కన కూర్చోవాల్సి వచ్చింది. ఆసుపత్రికి సెలవు పెట్టాడు. పశువులు వచ్చి వెళ్ళిపోతున్నాయని కబురొచ్చింది.

"ఉప్పు తక్కువైందమ్మా," అన్నాడోసారి పులుసు వాసన చూసి.

"చోదకులతో మాటాడకూడదురా," అంది మామ్మ. "బస్సుల్లో రాసుంటాది."

మరుగుదొడ్డి పెరట్లో ఉంది, గేరుబాక్సుకి అవతల. అంటే వాహనానికి బయట. నడుస్తున్న బండిలోంచి దిగడం నేరం కనక, నేను పెరట్లోకి వెళ్ళాలంటే ముందు మామ్మ పొయ్యి ఆర్పాలి. నేను తిరిగి ఎక్కాక మళ్ళీ వెలిగించాలి. ఆ రోజు అన్నం ఉడకడానికి మధ్యాహ్నం దాటిపోయింది.

ఊరు ఊరంతా చూడడానికి వచ్చింది. లారీలతో పుట్టి లారీలతో పెరిగిన ఊరు, ఎవరూ వెటకారం చెయ్యలేదు. ఎదురింటి షెడ్డు ఓనరు తవిటినాయుడుగారు అరుగు చివరి నుంచి పెరటి గుమ్మం దాకా నడిచి, ఎర్రగుడ్డ పట్టుకు చూసి, గంభీరంగా తల పంకించాడు.

"టన్నేజీ ఎంతండి గౌరీశ్వర్రావుగారూ?"

"ఇంకా తూచలేదండి," అన్నాడు చిన్నాన్న.

"పర్మిట్టు ఇక్కడి వరకేనా, ఒడిశా కూడానా?"

"ఇంకా అనుకోలేదండి."

"రెండూ తీసుకోండి. ఘాట్ రోడ్డులో మటుకు ఈ బండిని మలపలేరు, ముందే చెప్తున్నాను. కొండ మెట్ట దగ్గర వంటిల్లు తగులుతుంది."

చిన్నాన్న నవ్వుతాడనుకున్నాను. ఆలోచనలో పడ్డాడు. అప్పటికే ఆయన ఉతికిన చొక్కా వేసుకుని అరుగు మీద నిలబడడం, వచ్చినవాళ్ళకి "మూడు తరాలుగా అండి" అని చెప్పడం అలవాటైపోయింది. మొదట్లో అబద్ధమాడుతున్నట్టు చెప్పేవాడు. తరవాత్తరవాత తన చిన్నప్పుడు నాయనమ్మ ఆ గేరుబాక్సు పక్కనే కూర్చోబెట్టి ఉగ్గు పెట్టేదని కూడా చెప్పడం మొదలుపెట్టాడు.

సోమవారం మామ్మ ముక్కాలిపీట మీద ఉన్న కొడుకుతో అంది.

"రేపు మంగళారం. దాన్ని ఎత్తి కారుకి తగిలించరా."

"రిబ్బను కట్టారు కదమ్మా."

"రిబ్బను ఇప్పితే ఇప్పుకుంటాది. నా చీర ముడి పాటి లేదు."

అప్పుడే వచ్చిన వామనమూర్తిగారు గుమ్మంలోంచి విన్నారు.

"అమ్మా, పేటికను ముందుకు జరిపిన యెడల వాహనము కుదించుకొనిపోవును. వారసత్వ వాహనమును కుదించుట కంటె ఘోరమైన నేరము మా నిబంధనలలో లేదు."

"కుదించకపోతే ఇజీనారం ఎల్డం ఎలాగ బాబూ?"

"వాహనము వెళ్ళుటకు మండలికి ఎట్టి అభ్యంతరమును లేదు." ఆయన దయగా చెప్పారు. "అయితే సంపూర్ణముగా వెళ్ళవలెను. పాకశాలతో సహా."

మామ్మ ఆయన్ని చాలాసేపు చూసింది. చిన్నపిల్లాడికి జ్వరం వచ్చినప్పుడు అలా చూస్తుంది. తరవాత కొడుకు వైపు తిరిగింది. చిన్నాన్న కళ్ళు కిందికి దించుకున్నాడు.

"ఫలకం రేపేనమ్మా," అన్నాడు మెల్లగా. "మండలి అధ్యక్షులవారు వస్తున్నారు. షామియానా వేస్తారు. చోదకురాలు లేకపోతే బాగోదు. ఈ ఒక్క ఏటికి ఊరుకో. వచ్చే ఏడు నిన్ను నేనే..."

"వచ్చే ఏటికి దానికి కళ్ళు నువ్వు తెచ్చి ఎడతావేట్రా?"

మామ్మ పొయ్యి ఆర్పేసింది. ఆ తరవాత ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. సాయంత్రం ఫోను మోగితే నేనే తీశాను. పెద్దమామ్మ. "మీ మామ్మ ఏ టైముకి బయల్దేరతాదే?" అని అడిగింది. "బండిలోనే ఉంది పెద్దమామ్మా," అన్నాను. నేను చెప్పగలిగిన నిజం అదొక్కటే. "మరైతే వచ్చీసినట్టే," అని ఆవిడ సంతోషంగా పెట్టేసింది.

మంగళవారం పొద్దున్నే వీధిలో షామియానా లేచింది. మైకు పెట్టారు. అధ్యక్షులవారు వచ్చారు. ఉయ్యాల బల్ల మీద కూర్చోబెట్టి, నిబంధన ప్రకారం బెల్టు పెట్టారు. పక్కన చిన్నాన్నని కూర్చోబెట్టి ఆయనకీ పెట్టి, ఇత్తడి ఫలకం ఒళ్ళో ఉంచారు. బెల్టు తియ్యడం ఎలాగో దాలినాయుడికి ఒక్కడికే తెలుసు. దాలినాయుడు బయట ఉన్నాడు, ఆఖరిసారి కొలతల కోసం బంపరుకి టేపు కొస తగిలిస్తున్నాడు.

వామనమూర్తిగారు హాలు మధ్యన నిలబడి ప్రకటన చదివారు. వాహనం అంటే ఏమిటో మళ్ళీ చెప్పారు. దాని ఏ భాగం ఎంతవరకు ఉంటే వాహనం అంతవరకు ఉన్నట్టే అన్నారు. ఆ వాహనం కదులుతున్నప్పుడు దానికి అడ్డుపడేవారు, వారు మండలి సిబ్బంది అయినా సరే, శిక్షార్హులన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. భాగాలు వరసగా చదివారు. "పేటిక ఒకటి. దండము ఒకటి. బోల్టులు సహితముగా ఇడ్లీ రేకులు. పోపుల డబ్బా ఒకటి. నిమ్మకాయ ఒకటి."

నిమ్మకాయ దగ్గరికి వచ్చేసరికి మామ్మ వంటింట్లో పీట మీద నుంచి లేచింది.

అప్పటికే తలస్నానం చేసి ఉంది. సిరిమానుకి ఏటా కట్టే వంకాయరంగు చీర కట్టుకుంది. చంకకి గుడ్డసంచి తగిలించుకుంది. వంగి, రోటి పక్కన గేరుబాక్సు దగ్గర దారం ముడి విప్పింది. నిజంగానే చీర ముడి పాటి కూడా లేదది. నిమ్మకాయ కొంచెం వడిలింది, అట్టముక్క ఇంకా దానికి వేలాడుతోంది. బొటనవేలి గోరుతో తొక్క మీద చిన్న గాటు పెట్టింది. ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. సరిపోతుందనిపించినట్టుంది.

హాల్లోకి వచ్చింది. అధ్యక్షులవారు మర్యాదకి లేవబోయారు. బెల్టు లేవనివ్వలేదు. ఉయ్యాల ఒకసారి ముందుకి ఊగి, వెనక్కి వచ్చింది. మామ్మ వాళ్ళ ముందు నుంచి నడిచి అరుగు మీదికి వెళ్ళింది.

"సార్," అని బయట నుంచి దాలినాయుడు కేకేశాడు. "భాగం ఒకటి కదిలిందండి! నిమ్మకాయండి!"

వామనమూర్తిగారి చేతిలో కాగితం ఆగిపోయింది. "ఎంత దూరము?"

"అరుగు దిగిందండి. షెడ్డు దాటింది. బంపరు కూడా దాటీసింది సార్, బండి ముందుకి పెరిగిపోతంది!"

"ఆపు! ఆమెను ఆపు!"

"ఆవిడే కదండి చోదకురాలు. కదులుతున్న బండికి అడ్డెల్తే సిబ్బందికైనా శిక్షేనని ఇప్పుడే మైకులో..."

వామనమూర్తిగారు కాగితం పైకెత్తారు. నిబంధన చేతిలోనే ఉంది. దాన్ని మొదటి నుంచి ఒకసారి చదువుకున్నారు. ఎక్కడా ఆయనకి సందు దొరకలేదు. చెమట తుడుచుకుని, ఒక అధికారి అడగవలసిన ప్రశ్న ఒక్కటే మిగిలినట్టు, అదే అడిగారు.

"టేపు చాలునా?"

"చాలదండి," అన్నాడు దాలినాయుడు.

"మరి వాహనము ఎందాక పోవును?"

ఉయ్యాల బల్ల మీద బెల్టులో ఇరుక్కుని ఉన్న చిన్నాన్న తలెత్తాడు. ఒళ్ళో ఇత్తడి ఫలకం ఉంది. దాని మీద వేళ్ళు తీసేశాడు.

"విజినారం దాకా వెళ్తుందండి," అన్నాడు. "మా పెద్దమ్మగారి అరుగు దాకా. ఒట్టేశాను."

నేను మామ్మ చెప్పులు పట్టుకుని గేటు దగ్గరికి పరిగెత్తాను. నేల మీద పెట్టాను. మామ్మ ఒక్కో కాలూ దూర్చుకుంది. షామియానా కింద జనం రెండు పక్కలకీ జరిగారు. తవిటినాయుడుగారు తన షెడ్డు ముందు నిలబడి, రోడ్డు మీదికి వస్తున్న లారీని చెయ్యెత్తి ఆపాడు, పెద్ద బండి మలుపు తిరిగేటప్పుడు ఆపినట్టు. మామ్మ ఇంటి వైపు తిరిగి చూడలేదు. నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకుని, అట్టముక్క గాలికి ఊగుతుండగా, గేటు దాటి బస్టాండు వైపు వెళ్ళిపోయింది.